శివారు ప్లీడరులు

ద్రాక్షారామమున భీమేశ్వరాలయపు స్తంభములమీదను గోడలమీదను వందలకొలది శాసనములు కలవు. అఖండదీపమునకై గొఱ్ఱెలనో మాడలనో యిచ్చిన దాత యెవరు, ఇచ్చినది యెంత, ఆ దీపమును నడుపుటకు పూనుకొన్నవారెవరు అను సంగతులు అందు చెక్కబడియున్నవి. మా ఊరివారు వానిమీద చేయివేసి ప్రదక్షిణము చేయుదురుగాని అవి దస్తావేజులని తలపరు. ప్లీడరునగుటచేత నాకు మాత్రము అవి దస్తావేజులుగనే కనబడును. నలుగురు నడచు త్రోవలో రాతిమీద చెక్కిన దస్తావేజు నకలు కొఱకు దరఖాస్తు పెట్టబనిలేదు. ఎవని పెట్టె తాళమును వెదకబనిలేదు. చదువవచ్చిన వాడెల్ల చదువుకొనవచ్చును. పిమ్మటి కాలమున న్యాయము గ్రంథములలోనికిని, గ్రంథములు బీరువాలలోనికిని, బీరువాలు మహానగరములందలి పెద్దవకీళ్ల మేడలలోనికిని చేరినవి. గడచిన పదునైదు ఇరువది యేండ్లలో ఆ బీరువాల తాళములు ఒక్కటొక్కటిగా ఊడుచున్నవి. ఇందువలన మావంటి చిన్నయూళ్ల ప్లీడరులకు కలిగిన లాభమెంత, అందు నిలుచునది యెంత యని పాఠకుల యెదుట విచారింపదలచితిని. ఇది ప్లీడరుల ఆదాయపు లెక్క మాత్రమే యని యెవరును పుట తిప్పివేయవలదు. ప్లీడరు బలహీనుడైనచోట కక్షిదారు బలహీనుడగును. ఊరి కక్షిదారుకు ఊరి ప్లీడరే దిక్కు.

డెల్టాలో పుట్టినవారికి నేను చెప్పబోవునది ఒక్క మాటలో బోధపడును. 1847లో ఆరంభమై 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. గోదావరి నీరు కాలువలకెక్కినది. కాని కాలువ త్రవ్వినంతమాత్రమున అందఱి చేలును సమానముగ తడిసినవా? తలలోని రైతు తూము ఎత్తుకొని నిదురపోవును. శివారు రైతు లాంతరు పట్టుకొని రాత్రులు గట్టుమీద కాపలా కాయును. ఇద్దఱును శిస్తు కట్టువారే, ఇద్దఱిదియు ఒకే కాలువయే. న్యాయశాస్త్రమునకు సంబంధించిన విద్యయు మన దేశమున ఇట్లే పాఱినది. తలభూములు మద్రాసు, హైదరాబాదు, ఢిల్లీ, బొంబాయి నగరములు. మేము శివారు.

పెద్దవకీలు పెద్దవాడగుటకు తెలివితేటలే కారణమని లోకము నమ్ముచున్నది. తెలివిని నేను కాదనను. కాని బీరువాను కూడ చూడవలెను. 1875 నాటి చట్టము క్రింద ఇండియన్ లా రిపోర్టులు బయలుదేరినవి. 1891లో మద్రాసు లా జర్నలు పుట్టినది. 1914లో ఆలిండియా రిపోర్టరు సంస్థ యేర్పడినది. ఇవన్నియు సంవత్సరము సంవత్సరము కొని, అట్టలు కట్టించి, గోడ నింపుకొనగల్గినవానికి హైకోర్టు ఏ సంగతిలో ఏమి చెప్పినదో తెలియును. కొనలేనివాడు కొనినవాని గుమ్మమున నిలువబడవలెను. మా ప్రాంతమున ఒక ముసలి ప్లీడరు కాలము చేసెనన్నచో, కర్మకాండ ముగియక మునుపే ఆయన రిపోర్టుల సెట్టును ఎవరు కొందురో యని మాటలు బయలుదేరుచుండెడివి. నేను వృత్తిలో ప్రవేశించిన తొలినాళ్లలో అట్టి సెట్టు నొకదానిని వాయిదాలమీద కొంటిని. అందు మూడు సంపుటములను అంతకుముందే చెదలు తినివేసినవి. నా దురదృష్టమున నాకు కావలసిన తీర్పులన్నియు ఆ మూడింటిలోనే యుండెడివి!

పూర్వము ఈ తారతమ్యమును చట్టమే పోషించెడిది. రెండవతరగతి ప్లీడరని, మొదటితరగతి ప్లీడరని, వకీలని, బారిష్టరని మెట్లు మెట్లుగా వృత్తి యుండెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున రెండవతరగతి ప్లీడరుగా పేరుపడిరి. పై కోర్టులో నోరు విప్పుటకు ఆ తరగతి చాలదు. అందుచేతనే 1904లో సీమకుపోయి బారిష్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసులో వృత్తి నారంభించిరి. ఊరిలో ఎంత గెలిచినను, గోదావరి దాటిన పిమ్మట సముద్రమును కూడ దాటనిది గౌరవము దక్కని కాలమది. 1961 నాటి అడ్వకేట్ల చట్టము ఆ మెట్లను తీసివేసి అందఱిని అడ్వకేట్లనే ఒక్క పేరున పిలిచెను. కాగితముమీద సమానులమైతిమి. బీరువాల సంగతి ఆ చట్టములో లేదు.

దూరము సంగతియు లేదు. మా ప్రాంతపు అప్పీళ్లు 1954 వఱకు మద్రాసుకు పోవుచుండెను. ఆ సంవత్సరము జూలైలో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసెను. 1956లో అది హైదరాబాదునకు తరలెను. 2019 జనవరి 1వ తేదీనుండి అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నడచుచున్నది. హైకోర్టు ఎక్కడికి తరలినను మా ఊరికి మాత్రము అది రాత్రి రైలు దూరముననే యుండెడిది. ఊరి ప్లీడరు కట్ట కట్టి నగరపు వకీలునకు పంపును. నగరపు వకీలు గుమాస్తా ఒకనాడు "వాయిదా పడినది" అని కార్డు వ్రాయును. ఏల వాయిదా పడినదో, ఎవరు అడిగిరో, న్యాయమూర్తి యేమనెనో ఆ కార్డులో నుండదు. కక్షిదారు మాత్రము ఇద్దఱు ప్లీడరులకు ఫీజులు, రెండువైపుల రైలు ఛార్జీలు, హోటలు ఖర్చులు ఇచ్చుకొని, గెలిచినను ఓడినను ఒక యెకరము తగ్గి యింటికి వచ్చును.

ఇక మార్పు. 2008 జనవరిలో అమెరికాలో చదువుకొనుచుండిన సుశాంత్ సిన్హాయను కంప్యూటరు శాస్త్రజ్ఞుడొకడు ఇండియన్ కానూన్ అను వెదకుసాధనమును అంతర్జాలమున నెలకొల్పెను. ఆయన వకీలు కాడు. చట్టములను తీర్పులను ఒక్కచోట చేర్చి, మాట నిచ్చి వెదకినచో ఆ మాటయున్న తీర్పులెల్ల కనబడునట్లు చేసి, చదువుటకు దమ్మిడీ అడుగక వదలెను. ఈ దేశపు న్యాయవాదులకు ఆయన చేసిన మేలును ఏ బార్ అసోసియేషను గోడమీదను నేను పటముగా చూడలేదు. పటములు వేఱువారివి చాల కలవు. ప్రభుత్వము పక్షమున 2007లో ఇ-కోర్టుల పథకము ఆరంభమైనది. 2023 సెప్టెంబరులో దాని మూడవ దశకు నాలుగేండ్లకుగాను 7,210 కోట్ల రూపాయలు మంజూరయ్యెను. ఇప్పుడు ప్రతి కేసుకును పదునాఱు అక్షరముల సంఖ్య యొకటి కలదు. దానిని సెల్‌ఫోనులో కొట్టినచో వాయిదా తేదీ, నాటి ఉత్తరువు, అంతకుముందు జరిగిన నడత యంతయు కనబడును. 2023 జనవరి 2వ తేదీన సుప్రీముకోర్టు తన అధికారిక రిపోర్టులలోని సుమారు 34,000 తీర్పులను అందఱికిని ఉచితముగ తెఱచిపెట్టెను. చెదలు తిన్న నా మూడు సంపుటములవంటివి ఎన్ని వేలో ఒక్కనాట నిరుపయోగమైనవి.

దూరపు గోడను కూల్చినది మాత్రము మహమ్మారి. 2020 ఏప్రిల్ 6వ తేదీన సుప్రీముకోర్టు తనంత తానుగా విచారణకు తీసికొనిన వ్యవహారమున, వీడియో ద్వారా విచారణలు జరుపుటకు కోర్టులకు మార్గదర్శకములిచ్చెను. వ్యాధి తగ్గినపిమ్మట కొన్ని కోర్టులు ఆ కిటికీని మూయజూచెను. 2023 అక్టోబరులో సర్వేష్ మాథుర్ అనునాతని కేసులో, ఏ హైకోర్టును వీడియో విచారణను నిరాకరింపరాదని సుప్రీముకోర్టు శాసించెను. నేడు ద్రాక్షారామములో అంగడిమీది గదిలో కూర్చున్న ప్లీడరు, కరెంటు పోకుండినయెడల, అమరావతిలోని న్యాయమూర్తియెదుట స్వయముగ వాదింపవచ్చును. కరెంటు సంగతి పరిహాసమునకు చెప్పలేదు. గాలివాన కాలమున మా యింటిలో ఇన్వర్టరు నా జూనియరు వంటిది.

స్వానుభవ మొకటి చెప్పెదను. మా ప్రక్క గ్రామపు రైతొకడు వరికోత యంత్రమునకై ఒక ఋణసంస్థవద్ద అప్పు తీసికొనెను. రెండు వాయిదాలు తప్పినవి. సంస్థవారు నోటీసైన ఇయ్యకుండ రాత్రివేళ యంత్రమును తోలుకొనిపోయిరని ఆతని ఫిర్యాదు. రామచంద్రపురపు సివిలుకోర్టులో దావా వేసితిమి. సంస్థ తరఫున నగరమునుండి ముగ్గురు వచ్చిరి. ముగ్గురికిని నల్లకోట్లు క్రొత్తవి; చేతిలో తీర్పుల కట్ట, అందు రంగుకాగితముల గుర్తులు. ఆ కట్టనుండి ఒక సుప్రీముకోర్టు తీర్పులోని పేరాను చదివిరి. అది మాకు పూర్తిగా విరోధముగ నున్నది. పదేండ్ల క్రిందట నైనచో ఆనాటితో మా పని తీఱియుండెడిది. ఆ తీర్పుయొక్క పూర్తిపాఠము నాకు దొరకునప్పటికి ఉత్తరువు వెలువడియుండును. నేను వెనుక బల్లమీద కూర్చుండి ఫోనులో ఆ తీర్పును తెఱచి చదువ మొదలిడితిని. వారు చదివినది ఇరువదియవ పేరా. ఇరువదియొకటవ పేరా "అయితే" అని ఆరంభమైనది! ఆ "అయితే" క్రింద, చట్టప్రకారము గాక బలాత్కారముగ స్వాధీనము చేసికొనుట కూడదను మాట స్పష్టముగ నున్నది. లేచి, ఆ పేరాను కూడ చదువుటకు సెలవు వేడితిని. ముగ్గురును ఒకరి మొగము నొకరు చూచుకొని వాయిదా కోరిరి. ఆ కేసులో పిదప రాజీ కుదిరినది, యంత్రము తిరిగివచ్చినది. అప్పును రైతు తీర్చుకొనుచున్నాడు. నా వృత్తిజీవితమున నగరపువారు నా యెదుట వాయిదా అడుగుట అదియే మొదటిసారి.

ఆనాడు కోర్టుమెట్లమీద రైతు నాతో, "ప్లీడరుగారండీ, ఆళ్ల కట్టలో లేంది మీ ఫోన్లో ఉందాండీ?" అని అడిగెను. వారి కట్టలోను ఉన్నదే, వారు చదువలేదని చెప్పితిని. "సదవడం మానేత్తే ఇంక ప్లీడర్లెందుకండీ!" అనెను. సమాధానము నాయొద్ద లేకుండెను.

భూమి దస్తావేజుల సంగతియు ఇట్టిదే. 1998లో మన రాష్ట్రమున రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటరులు వచ్చినవి. అంతకుమునుపు ఈసీ కావలెనన్నచో కచేరీ గుమాస్తా పాత పుస్తకములు తిరుగవేయువఱకు దినములకొలది వేచియుండవలెను. ఆ వేచియుండుటకు ఒక ధర యుండెడిది. అది రసీదు లేని ధర. 2015 నుండి అడంగలు, వన్-బి నకళ్లు మీభూమిలో ఇంటనుండియే చూడవచ్చును. రైతు గట్టు తగవుతో వచ్చినప్పుడు సర్వేనెంబరు చెప్పుటయే ఆలస్యము, ప్రభుత్వపు లెక్కలో ఆ భూమి యెవరి పేర నున్నదో కాఫీ చల్లాఱకముందే తెలియును. అది సరియైన లెక్కయా కాదా యన్నది వేఱుమాట. కంప్యూటరులో తప్పుపడిన పేరును దిద్దించుటకు రైతు నేడు తిరుగు తిరుగుడు, పూర్వము నకలుకొఱకు తిరిగినదానికి తక్కువ కాదు. తెరమీద కనబడినదే హక్కు, దానిపై సివిలుకోర్టుకు పోవలదు అను ధోరణిలో 2022 నాటి భూయాజమాన్య హక్కుల చట్టము వచ్చినప్పుడు రాష్ట్రమంతట ప్లీడరులు కోర్టులు విడిచి వీథులకెక్కిరి. 2024లో ఆ చట్టము రద్దయ్యెను. యంత్రము లెక్క చూపవచ్చును. లెక్క తప్పని చెప్పుకొనుటకు న్యాయస్థానపు తలుపు తెఱచియుండవలెను.

నగరపు బీరువాలకు మఱియొక దెబ్బ 2024 జూలై 1వ తేదీన తగిలినది. నాటినుండి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహితయు, క్రిమినలు ప్రొసీజరు కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహితయు, సాక్ష్య చట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమమును అమలులోనికి వచ్చినవి. ఊరి పిల్లలకు కూడ నోటబట్టిన 302 నేడు 103 అయినది; 420 పోయి 318లో దాగినది. ఈ చట్టముల మంచిచెడ్డల విచారణ నేటి విషయము కాదు. నూఱేండ్లుగా వ్యాఖ్యానములు పేర్చుకొనినవారును, నిన్న సన్నదు పుచ్చుకొనినవాడును ఒకే దినమున ఒకే పాఠమును మొదటినుండి చదువ మొదలిడవలసివచ్చెను. మా బార్‌లో ఇరువదియైదేండ్ల జూనియరొకడు పాత సెక్షను కొట్టిన క్రొత్త సెక్షను చూపు పట్టికను తన ఫోనులో పెట్టుకొని, అఱువదియేండ్ల సీనియర్లకు పది దినములు గురువై తిరిగినాడు. ఆ పది దినములు వానికి కాఫీలు కొదువలేదు.

ఇంతవఱకు చెప్పినది చూచి, నేను యంత్రములకు భజన చేయుచున్నానని పాఠకులు తలపవచ్చును. కాలువ వెంట నీరొక్కటియే రాదు. గుఱ్ఱపుడెక్క కూడ వచ్చును.

మొదటి సంగతి, కిటికీ రెండువైపుల తెఱచుకొనును. అమరావతి న్యాయస్థానము మా గదిలోనికి వచ్చినట్లే, హైదరాబాదు వకీలు మా రామచంద్రపురపు కోర్టులోనికి రాగలుగును. పూర్వము ఆయనను ఇచ్చటికి రప్పింప కారు, భోజనము, దినపు ఫీజు ఇయ్యవలసియుండెను. నేడు ఆయన తన కుర్చీనుండి లేవకయే రాజోలు వ్యాజ్యమును కూడ చూడగలడు. 2023 మార్చిలో బార్ కౌన్సిలు విదేశపు న్యాయసంస్థలకును, కోర్టు వాదములు తప్ప తక్కిన సలహా వ్యవహారములకు, షరతులతో తలుపు తెఱచి, 2025 మేలో ఆ నియమములను సవరించెను. విదేశపు సంస్థ ద్రాక్షారామపు పాలు పంపకముల దావాలకు రాదు, నిజమే. కాని ఆ పెద్ద సంస్థల పోటీకి నగరపు సంస్థలు, నగరపు సంస్థల పోటీకి జిల్లాకేంద్రపువారు క్రిందికి జరుగుట తప్పదు. ఆ ఒరపిడి చివఱకు శివారున తగులును.

అయినను ఇచ్చట మాకొక బలమున్నది. బోదె తగవులో నీరు ఏ వాలున పాఱునో, ఉమ్మడి కుటుంబములో ఏ అన్న పేరు దస్తావేజులో ఏల చేరినదో, కొబ్బరిచెట్టు గట్టుమీద మొలచినదా గట్టు చెట్టును చుట్టి జరిగినదా అను సంగతి చేలోనికి దిగి బురద త్రొక్కినవానికి తెలియును. సాక్షి కన్నీరు నిజమో నాటకమో తెరమీద కనబడదు. ఊరి ప్లీడరు తన ఊరి యెఱుకకు నగరపు గ్రంథబలమును చేర్చుకొనినచో ఓడింప కష్టమైన మనిషియగును. గ్రంథబలము వచ్చినదని ఊరి యెఱుకను వదలి గదిలో కూర్చుండినచో, నగరపువానికి నకలుగా మిగులును. అసలు దొరకుచుండగా నకలుకు ఫీజు ఎవరిత్తురు?

రెండవది, ఉచితముగ వచ్చినది ఎంతకాలము ఉచితముగ నుండును? మా ఊరివారికి ఈ ప్రశ్న క్రొత్తదికాదు. 1928లో కాకినాడనుండి మా ఊరిమీదుగా కోటిపల్లికి రైలు వచ్చినది. ఊరు సంబరపడినది. 1940లో యుద్ధావసరములకని పట్టాలు ఊడదీసికొనిపోయిరి. తిరిగి 2004 వఱకు రైలుకూత వినబడలేదు. పట్టా మన నేలమీద నున్నను అది మనది కాకుండుటచే అఱువదినాలుగేండ్లు పోయినవి. తీర్పులను వెదకి యిచ్చు యంత్రములలో కొన్ని ప్రభుత్వమువి, ఒకటి రెండు దాతలవి, తక్కినవి వర్తకులవి. మంచి సూచికలు, తీర్పును పిమ్మటి తీర్పు త్రోసివేసినదా అను జాడ, ఇవన్నియు చందా కట్టినవారికే. ఆ చందా నగరపు సంస్థకు ఒక పూట కాఫీ ఖర్చు. సన్నదు తీసికొని రెండేండ్లయిన కుఱ్ఱవానికి అది యింటి అద్దె.

మూడవది కృత్రిమమేధ. దీనిని గూర్చి మా బార్‌లో రెండు మతములు కలవు. ఒకరు అది దయ్యమందురు, ఒకరు దేవుడందురు. జూనియర్లు నలుగురున్న సీనియరు వలె ఇది నిమిషములో ముసాయిదా వ్రాసి యిచ్చును. జూనియరు లేని ప్లీడరుకు ఇంతకంటె ఆశచూపు వస్తువు లేదు. కాని ఇది పుట్టని తీర్పులను కూడ పుట్టినట్లు చెప్పును. 2023లో న్యూయార్కులో ఏవియాంకా విమానసంస్థపై దావాలో ఇద్దఱు వకీళ్లు ఇట్టి కల్పిత తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా పడిరి. జరిమానా సంగతి యటుండనిండు. చిన్నయూరి ప్లీడరుకు కోర్టులో నున్న ఆస్తి యంతయు ఆతని మాటమీది నమ్మకమే. పెద్దసంస్థ ఒక న్యాయమూర్తియెదుట సిగ్గుపడినచో రేపు వేఱు వకీలును పంపును. మాకు రేపును ఆ కోర్టే, ఆ న్యాయమూర్తియే. మఱియు కక్షిదారు చెవిలో చెప్పిన రహస్యమును ప్లీడరు బయటపెట్టరాదని సాక్ష్య అధినియమపు 132వ సెక్షను శాసించుచున్నది. ఆ రహస్యమును తీసికొనిపోయి ఏ దేశపు కంపెనీదో యగు యంత్రములో పోసి "దీనికి జవాబు వ్రాయుము" అనుట బయటపెట్టుట కాదా? నామట్టుకు నేను పేరు, ఊరు, సర్వేనెంబరు తీసివేయక ఏ కాగితమును ఆ యంత్రమునకు చూపను. అది చెప్పిన తీర్పును అసలు కోర్టువారి ప్రతిలో చదువక నోట పలుకను. ఇందువలన పని కొంత నిదానమగును. కానిండు.

భాషసంగతి అన్నిటికంటె బాధాకరమైనది. తాళములు ఊడిన బీరువాలన్నియు ఇంగ్లీషు బీరువాలు. నా కక్షిదారు తన కేసు నడతను తన ఫోనులోనే చూచుకొనగలడు, చూచి, దానిని నాయొద్దకు తెచ్చి "ఇదేటండీ?" అని యడుగును. 2019 నవంబరులో సుప్రీముకోర్టు తీర్పులను దేశభాషలలోనికి మార్చు యంత్రమొకటి వాడుకలోనికి వచ్చినది. తెలుగులోనికి మారిన తీర్పులు కొన్ని దొరకుచున్నవి. యంత్రము "లీవ్ గ్రాంటెడ్" అను మాటను అప్పీలుకు అనుమతియని గ్రహింపక, గుమాస్తాకు సెలవు మంజూరైనట్లు అనువదించెనను ముచ్చట కోర్టువరండాలలో ప్రసిద్ధము. నవ్వుకొందము. కాని మనమేమి చేయుచున్నాము? 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనమొకటి అన్నదమ్ముల ఆస్తి తగవులో తెలుగున తీర్పు చెప్పెను. ఆ తీర్పును చదివిన కక్షిదారుకు తాను ఏల ఓడెనో ఇంకొకరు చెప్పబనిలేకపోయెను. మన ప్రాంతమున తెలుగులో ప్లీడింగు వ్రాయగల ప్లీడరులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. తాతల నాటి దస్తావేజు లేఖరులకున్న తెలుగు మాకు లేదు. యంత్రము మన పొరపాటు తెలుగునే నేర్చుకొని మనకే తిరిగి పెట్టును.

ప్రకటనల విషయము కూడ కొంచెము చెప్పి విడిచెదను. ప్లీడరు తన్ను తాను చాటుకొనరాదని బార్ కౌన్సిలు 36వ నియమము. 2008లో సడలించి పేరు, చిరునామా, ఫోను, చదువు, చూచు కేసుల రకము మాత్రము వెబ్‌సైటులో పెట్టుకొనవచ్చుననిరి. ఈలోపల వర్తక సంస్థలు ప్లీడరులకు చుక్కలు వేసి, వంకాయలు బీరకాయలవలె వరుసపెట్టి చూపజొచ్చినవి. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు దీనిని గర్హించి చర్యలకు ఆజ్ఞాపించెను. మంచిపనియే. కోర్టు ఆవరణలో తిరుగు టౌటును తఱుముటకు చట్టము చేసికొనిన మనము, ఫోనులో కూర్చున్న టౌటును సహింపనేల?

ఇక చేయవలసినది. ఒక్కొక్క ప్లీడరు ఒక్కొక్క చందా కట్టుకొనవలెనన్నచో శివారు ఎప్పటికిని తడియదు. ఆంధ్రదేశమున ఇందుకు త్రోవ పూర్వులు వేసియుంచిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు నెలకొల్పిరి. 1935లో కృష్ణా కాలువమీద పడవలో గ్రంథాలయము నడచెను. పుస్తకము కొనలేనివాని యింటిరేవుకు పుస్తకమే పోయినది! 1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద నేటికిని మనము ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కట్టుచున్నాము. గ్రంథాలయోద్యమమున జోలెపట్టి తిరిగిన వాలంటీరుగా ఆ పైసలు ఎక్కడ ఆగిపోవుచున్నవో నేను కొంత యెఱుగుదును. పంచాయతులును మునిసిపాలిటీలును వసూలుచేసిన పన్నును గ్రంథాలయ సంస్థకు సకాలమున చెల్లింపకుండుట పాతరోగము. ఆ బాకీ వసూలు చేసి, తాలూకాకోర్టున్న ప్రతియూరి శాఖాగ్రంథాలయమున ఒక గది, రెండు కంప్యూటరులు, ఒక స్కానరు, ఒక ముద్రణయంత్రము, న్యాయగ్రంథముల చందా ఒకటి యేర్పఱచినచో చాలును. బార్ అసోసియేషను కరెంటు బిల్లు భరింపవచ్చును. ప్లీడరులతోపాటు కక్షిదారులును వచ్చి తమ కేసును తామే చూచుకొనవచ్చును. చందా సంస్థ పేర నుండవలెను. ఏ సీనియరు గదిలోను తాళము వేసికొనరాదు. ఈ చివఱి షరతును అనుభవముమీద చెప్పుచున్నాను.

ఈ యోచనను మా బార్ సమావేశమున చెప్పినప్పుడు ఒక పెద్దలు, "కక్షిదారులే అంతా చూచుకొనినచో మన గతి యేమి నాయనా?" అని యడిగిరి. సమాధానమునకు బదులు, ఆదివారము ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండువఱకు మా ఊరి చావడిలో నా కంప్యూటరు పెట్టుకొని కూర్చుండుటకు పూనుకొంటిని. ఈసీ, అడంగలు, వాయిదా తేదీ, ఉత్తరువు నకలు చూపుట ఉచితము. తెలుగున చదివి చెప్పుట కూడ ఉచితము. మూడు వారములైనది. మొదటి వారము నలుగురు వచ్చిరి, రెండవ వారము పదునొకండుగురు. మూడవ వారము కరెంటు పోయినది. వచ్చినవారు గంటన్నరసేపు కదలక కూర్చుండిరి. ఇన్వర్టరు మోసికొనివచ్చిన కుఱ్ఱవాడు, "ప్లీడరుగారండీ, వచ్చే ఆదివారం ఇంకో కంప్యూటరు తెత్తానండీ" అనెను. ఆ పెద్దలు కూడ ఆనాడు ఒక మూల కుర్చీలో కనబడిరి. ఆయన తన 1987 నాటి అప్పీలు ఉత్తరువును వెదకించుకొనుటకు వచ్చిరి.